9 ఏళ్ళు షెడ్డులో ఉన్న హోవర్‌క్రాఫ్ట్‌ని వైద్య సేవకి సిద్ధం చెయ్యాలి: ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

ఇసుకమేట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా సేవాసంస్థకి ఒక పాత హోవర్‌క్రాఫ్ట్ విరాళంగా వచ్చింది, గాలి దిండు మీద తేలుతూ నీళ్ళ మీదా నేల మీదా నడిచే బండి. నది అవతలి ఊళ్ళకి డాక్టర్నీ నర్సులనీ మందులనీ చేర్చడం, అత్యవసరమైతే రోగిని ఇవతలికి తేవడం దాని పని. వానల్లో వరద, మిగతా కాలమంతా మోకాలి లోతు నీళ్ళు, మధ్యలో ఇసుక దిబ్బలు, బురద. పడవ ఇసుకలో కూరుకుంటుంది, జీపు నీళ్ళలో ఆగిపోతుంది.

బండి పొడవు 7.2 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. అల్యూమినియం హల్ (బండి అడుగు భాగం), దాని గదుల్లో తేలడానికి పోసిన పాలీయురేథేన్ ఫోమ్. చుట్టూ లూప్ (గాలి నిండే సంచి), దాని కింద సెగ్మెంట్లు (విడివిడి గుడ్డ ముక్కలు) వేలాడే రకం స్కర్ట్, అంటే గాలిని బండి కింద పట్టి ఉంచే రబ్బరు గుడ్డ. 130 హార్స్‌పవర్ టర్బో డీజిల్ ఇంజన్ ఒక్కటే. పళ్ళ బెల్టులతో, బండిని లేపే లిఫ్ట్ ఫ్యాన్‌నీ వెనక డక్టులో (గుండ్రటి గొట్టంలో) ఉండి ముందుకి తోసే ప్రొపెల్లర్‌నీ అదే తిప్పుతుంది. 9 ఏళ్ళుగా కదల్లేదు. కాగితాల్లో ఖాళీ బరువు 1,450 కిలోలు, మోసే బరువు 800 కిలోలు అని ఉంది.

ముందు దేంతో మొదలుపెట్టాలి? స్కర్ట్ మొత్తం మార్చాలా, చిరిగిన సెగ్మెంట్లు మారిస్తే చాలా? 6 సీట్లూ ఒక స్ట్రెచరూ రెండూ పెట్టొచ్చా? బ్యాటరీ తగిలించి ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామని మావాళ్ళ తొందర. ఇంకా ఒప్పుకోలేదు.

తూకంరాయి

ఒప్పుకోకండి. ఇంజన్ ఎక్కడికీ పోదు, ముందు బండిని తూకం వెయ్యండి. హోవర్‌క్రాఫ్ట్‌కి బరువే జాతకం. మిగతా ఏ ఖర్చయినా ఆ అంకె చూశాకే పెట్టాలి.

ట్యాంకు ఖాళీ చేసి, సీట్లూ సామానూ దించి, హల్‌కి జాకీ పెట్టే చోట్ల 3 తూకాలు పెట్టండి: ముందు మధ్యలో 1, వెనక ఎడమ 1, వెనక కుడి 1. జాకీ మీద ఉన్నంతసేపూ పక్కన దిమ్మలు ఉండాల్సిందే, వట్టి జాకీ నమ్మి ఎవరూ కిందికి దూరొద్దు. 3 అంకెలూ విడివిడిగా రాసుకోండి. మొత్తం 1,450 కన్నా 60, 70 కిలోలు దాటిందంటే ఎక్కడో నీళ్ళున్నట్టే. సాధారణంగా అది ఫోమ్‌లోనే ఉంటుంది. పాత పాలీయురేథేన్ ఏళ్ళ తరబడి తడి పీల్చుకుంటుంది, పైకి మాత్రం పొడిగా కనిపిస్తుంది.

దాన్ని పట్టుకోవడం తేలిక. 40 మి.మీ. హోల్‌సాతో (గుండ్రటి రంపంతో) ప్రతి గదిలోనూ పై నుంచి 8 సెం.మీ. లోతుకి ఒక ఫోమ్ ముక్క తియ్యండి. అది సుమారు 100 మిల్లీలీటర్ల ముక్క. మంచి ఫోమ్ అయితే 3, 4 గ్రాములు తూగుతుంది. 20 గ్రాములు తూగితే, వేళ్ళ మధ్య నొక్కితే చెమ్మ బైటికొస్తే, ఆ గది ఫోమ్ మొత్తం తీసెయ్యాల్సిందే. అడుగున నీళ్ళు చేరతాయి కాబట్టి లోతైన చోట ఇంకో ముక్క కింద నుంచి కూడా తియ్యండి.

ఫోమ్ తీసినచోట అల్యూమినియం మీద తెల్లటి పొడి, గుంటలు కనిపిస్తే వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి అల్ట్రాసోనిక్ మందం మీటరుతో కొలవండి. అసలు మందంలో పావు వంతు కన్నా ఎక్కువ పోయిన చోట అతుకు వెయ్యాలి. స్టీలు బోల్టు నేరుగా అల్యూమినియాన్ని తాకే చోట్లన్నీ ముందే చూడండి, ఉప్పు నీళ్ళలో తిరిగిన బండి అయితే అక్కడే తినేసి ఉంటుంది. 316 స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, కింద నైలాన్ వాషరో, లోహాలని విడదీసే పేస్టో పెట్టండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఫోమ్ లోపల ఉండగా వెల్డింగ్ చెయ్యొద్దు. పాలీయురేథేన్ కాలితే సైనైడ్ విషవాయువు వస్తుంది. వెల్డింగ్ చేసే చోట చుట్టూ ఫోమ్ పూర్తిగా తీసి, గాలి ఆడేలా చేశాకే టార్చి పట్టాలి.

కొత్త ఫోమ్ మళ్ళీ పోసే బదులు మూసిన కణాల పాలిథిలిన్ దిమ్మెలు కోసి పెట్టండి. పోసే ఫోమ్ ఉబ్బేటప్పుడు పలచటి రేకుని వంచేస్తుంది, రేపు తనిఖీకి తియ్యడానికీ రాదు. దిమ్మెల కింద వేలు దూరేంత సందు వదిలితే నీళ్ళు జారి డ్రెయిన్ ప్లగ్ దాకా వస్తాయి. పాలీస్టైరీన్ చవక, కానీ ఇంధనం తగిలితే కరుగుతుంది, ట్యాంకు దగ్గర వద్దు. నిండు బరువుకి ఒకటిన్నర రెట్లయినా తేలే శక్తి హల్‌కి ఉండాలి.

బెల్టుపుల్లీ

తూకంరాయి గారు చెప్పింది అయ్యాక ఇంజన్‌కి రండి. 9 ఏళ్ళు ఆగిన టర్బో డీజిల్‌ని ఒక్కసారిగా స్టార్టర్ మీద తిప్పితే, రింగులు అంటుకుని ఉంటే విరుగుతాయి, టర్బో బేరింగులు నూనె లేకుండా తిరుగుతాయి.

వరస ఇది. పాత డీజిల్ అంతా తీసి ట్యాంకు మూత విప్పి లోపల తుడవండి. అడుగున నల్లటి జిగురు ఉంటుంది, అది డీజిల్‌లో పెరిగే సూక్ష్మజీవుల పని. వదిలేస్తే నది మధ్యలో ఫిల్టరు మూసుకుపోతుంది. గొట్టాలు, ఫిల్టర్లు, కూలెంట్, థర్మోస్టాట్, ఇంజన్ టైమింగ్ బెల్టు (ఉంటే) చూడకుండానే మార్చండి. గ్లో ప్లగ్గులు (సిలిండర్ని వేడి చేసే ప్లగ్గులు) విప్పి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ వేసి ఒక రోజు నానబెట్టండి. తర్వాత క్రాంకుని పానాతో చేత్తో 2 పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడన్నా గట్టిగా ఆగితే బలవంతం చెయ్యొద్దు, ఆపి వెతకండి. టర్బో ఆయిల్ గొట్టం విప్పి నూనె పొయ్యండి. ఇంధనం ఆపి, గ్లో ప్లగ్గులు లేకుండానే ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్ తిప్పండి. అప్పుడు కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) చూడండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపుంటే సంతోషించొచ్చు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఫ్యాన్ల బెల్టులు విప్పి ఉంచండి. గాలి లోపలికెళ్ళే దారిని మూసెయ్యడానికి సరిపడే చెక్కపలక ఒకరి చేతిలో సిద్ధంగా ఉండాలి. టర్బో సీలు పోయిన డీజిల్ తన ఆయిల్ తనే తాగి పరుగందుకుంటే తాళం తిప్పినా ఆగదు.

బెల్టుల సంగతి. పళ్ళ బెల్టు 9 ఏళ్ళు ఒకే వంపులో ఉంటే లోపలి తీగలు అక్కడ బలహీనపడతాయి, పైకి కొత్తగానే ఉంటుంది. మార్చెయ్యండి. పుల్లీలు రెండూ ఒక్క వరసలో ఉన్నాయో లేదో నిటారు పట్టీ పెట్టి చూడండి. వంకర పావు డిగ్రీ, అంటే మీటరుకి 4 మి.మీ. దాటకూడదు. దాటితే బెల్టు ఒక అంచుకి రాసుకుని నల్లటి పొడి రాలుస్తుంది. బిగువుకి పాత కొలత ఒకటుంది: రెండు పుల్లీల మధ్య బెల్టు పొడవులో 64వ వంతు వంగాలి. 640 మి.మీ. ఉంటే మధ్యలో 10 మి.మీ. ఎంత బలంతో నొక్కాలో బెల్టు పట్టికలో ఉంటుంది, దాన్నే పాటించండి. వదులైతే యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కగానే పళ్ళు దాటుతుంది, మరీ బిగిస్తే ఫ్యాన్ షాఫ్టు బేరింగు పోతుంది.

ఫ్యాన్ రెక్కలు ప్లాస్టిక్‌వైతే గోరుతో గీకి చూడండి. సుద్దలా తెల్లటి పొడి వస్తే ఎండకి పాడైనట్టు. మార్చేటప్పుడు సెట్టు మొత్తం మార్చాలి, పాతా కొత్తా కలపొద్దు. ఒక్కో రెక్కా గ్రాము తూకంలో తూచి, సమాన బరువున్నవి ఎదురెదురుగా పెట్టండి. రెక్క కొస వేగం మాత్రం లెక్కేసుకోండి: 0.9 మీటర్ల ఫ్యాన్ నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే కొస సెకనుకి 118 మీటర్లు పోతుంది. తయారీదారు పెట్టిన హద్దు దీనికన్నా పైనుండాలి. రెక్క కొసకీ డక్టుకీ సందు వ్యాసంలో అర శాతం, ఈ ఫ్యాన్‌కి 4, 5 మి.మీ. ఎక్కువైతే గాలి వెనక్కి జారుతుంది. ప్రొపెల్లర్ రెక్కల ముందంచు ఇసుకకీ తుంపరకీ అరిగి ముళ్ళుముళ్ళుగా ఉంటుంది. నున్నగా చేసి పాలీయురేథేన్ టేపు వెయ్యండి. అల్యూమినియం హబ్‌కి డై పెనెట్రంట్ పరీక్ష (పగుళ్ళలోకి దూరే రంగు పూసి చూడటం) తప్పనిసరి, పగుళ్ళు రెక్క మొదట్లోనే పుడతాయి.

ఫ్యాన్ మొదట తిప్పినప్పుడు దాని పక్క వరసలో మనిషి నిలబడకూడదు. రెక్క విరిగితే ముందుకో వెనక్కో పోదు, పక్కకే దూసుకొస్తుంది.

గాలిదిండు

స్కర్ట్ గురించి నేను చెప్తాను. 1959 జూలై 25న ఎస్ఆర్ ఎన్1 అనే తొలినాటి హోవర్‌క్రాఫ్ట్ ఇంగ్లిష్ ఛానల్ దాటినప్పుడు దానికి స్కర్టే లేదు, అందుకే చిన్న అలకి కూడా ఇబ్బందిపడింది. ఇవాళ మీ బండి ఇసుక దిబ్బ ఎక్కిందంటే ఆ రబ్బరు గుడ్డ పుణ్యమే. దాన్ని అరిగే సామానుగానే చూడాలి, టైర్లలాగా.

మొత్తం మార్చాలా అన్నదానికి జవాబు గుడ్డ చెప్తుంది. లూప్ గుడ్డని మడత పెట్టి గట్టిగా నొక్కండి. మడత వెంట వెంట్రుక లాంటి పగుళ్ళు పడితే రబ్బరు ముసలిదైంది. ఒక మూల బ్లేడుతో కొద్దిగా లేపి లాగండి, పూత నైలాన్ నుంచి పొరలా ఊడొస్తే దానికి రోజులు లేవు, లూప్ మొత్తం కొత్తది కుట్టించాలి. రెండు పరీక్షలూ నెగ్గితే లూప్ ఉంచి సెగ్మెంట్లు మాత్రం మార్చండి.

సెగ్మెంట్ కొస అరిగేది రెండు రకాలుగా. గట్టి నేల మీద రాపిడికి సన్నబడుతుంది. నీళ్ళ మీద తడిసిన కొస సెకనుకి ఎన్నోసార్లు కొరడాలా కొట్టుకుంటుంది, పూత ఊడి దారాలు పీచులా బైటికొస్తాయి. ఎత్తులో మూడో వంతు పోయిన సెగ్మెంట్ మార్చెయ్యాలి. మీ బండి చుట్టుకొలత సుమారు 19 మీటర్లు. ఒక్కోటి 25 సెం.మీ. వెడల్పయితే 76 దాకా ఉంటాయి. కనీసం 20 విడివి కుట్టించి పెట్టుకోండి, వెనకవీ మూలలవీ ఎక్కువగా. అచ్చు తీసేది ముందు పక్కన అరగని ముక్క నుంచి. అరిగిన వెనక ముక్కని చూసి కోస్తే పొట్టి స్కర్ట్ తయారవుతుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బోల్టు రంధ్రాలు గుండ్రంగా పంచ్‌తో వెయ్యండి, కత్తెర మూల చిరుగుకి మొదలు. వెనక సెగ్మెంట్లు నీళ్ళు తోడుకుంటాయి, అడుగున 10, 12 మి.మీ. డ్రెయిన్ రంధ్రం ఉండాలి. లేకపోతే ఒక్కోటి బకెట్టెడు నీళ్ళు మోస్తూ బండిని వెనక్కి లాగుతుంది.

ఇప్పుడు ఒక పారదర్శక గొట్టం తీసుకోండి. ఆంగ్ల అక్షరం యు ఆకారంలో వంచి నీళ్ళు పోసి ఒక కొసని స్కర్ట్ లోపలికి, కుషన్లోకి (బండి కింద పట్టి ఉన్న గాలిలోకి) పెట్టండి. కుషన్ పీడనం మి.మీ. నీటి ఎత్తులో ఎంత ఉంటుందో, చదరపు మీటరుకి అన్ని కిలోల బరువు ఉన్నట్టు. మీ కుషన్ వైశాల్యం 18 చ.మీ. అనుకుంటే, నిండు బరువు 2,250 కిలోలకి 125 మి.మీ. రావాలి. లూప్‌లో ఇంకో గొట్టం పెట్టండి, అక్కడ దీనికన్నా 10 నుంచి 20 శాతం ఎక్కువ, అంటే 138 నుంచి 150 ఉండాలి. లూప్ పీడనం తక్కువైతే ముక్కు దగ్గర స్కర్ట్ లోపలికి మడుచుకుని, వేగంలో బండి ముందుకి కుంగుతుంది. ముక్కు దిగబడటం అంటాం. నీళ్ళ మీద అది క్షణంలో జరుగుతుంది, మనుషులు ముందుకి ఎగిరిపడతారు.

మీది ఒకే ఇంజన్ కాబట్టి ఇంకా జాగ్రత్త. ముక్కు కుంగుతోందని యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలేస్తే లిఫ్టూ పోతుంది, ఇంకా కుంగుతుంది. మెల్లగా తగ్గించాలి, ఎలివేటర్లు (వెనక గాలిని పైకీ కిందికీ మళ్ళించే రెక్కలు) ఉంటే ముక్కు ఎత్తేలా పెట్టాలి.

గాలి లెక్క కూడా చెప్తాను. 125 మి.మీ. అంటే సుమారు 1,225 పాస్కల్. కింద నుంచి గాలి సెకనుకి 45 మీటర్ల వేగంతో తప్పించుకుంటుంది. చుట్టూ 12 మి.మీ. సందు అనుకుని, సందులో గాలి పాయ సన్నబడటం కూడా లెక్కేస్తే సెకనుకి దాదాపు 6 ఘనపు మీటర్ల గాలి కావాలి. నష్టాలన్నీ కలిపి ఫ్యాన్ షాఫ్టుకి 17, 18 కిలోవాట్లు. ఎగుడుదిగుడు నేల మీద ఇంకా ఎక్కువ. బరువు 2,600కి పెంచారనుకోండి, అదే సందుకి లిఫ్ట్ పవర్ 24 శాతం పెరుగుతుంది. అది ప్రొపెల్లర్ నోటి దగ్గర కూడే.

హంప్ అనే అడ్డు కూడా అక్కడే వస్తుంది. బండి తన అలని తనే ఎక్కాల్సిన వేగం మీ పొడవుకి గంటకి 17 కి.మీ. దగ్గర. బరువెక్కువైతే ఇంజన్ ఎంత అరిచినా అక్కడే ఆగి తుంపర చిమ్ముతూ ఉంటుంది. లోతు తక్కువ నీళ్ళలో ఈ అడ్డు ఇంకా పెద్దది. అందుకే నీళ్ళలో ఆగి బయలుదేరకండి. ఒడ్డు మీదే వేగం అందుకుని నీళ్ళలోకి దిగండి.

ఇసుకమేట

తూకం అయింది. ముందు 560, వెనక ఎడమ 498, వెనక కుడి 554. మొత్తం 1,612 కిలోలు. ముందు తూకానికీ వెనక తూకాల గీతకీ దూరం 5 మీటర్లు. బ్యాటరీ ఎడమ పక్కనే ఉంది, ట్యాంకు మధ్యలో. దీన్నెలా అర్థం చేసుకోవాలి? స్ట్రెచర్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. పాత ఇంజన్ తీసేసి తేలికైన పెట్రోల్ ఇంజన్ పెట్టమని ఒకరి సలహా.

తూకంరాయి

162 కిలోలు ఎక్కువ. బ్యాటరీ ఎడమన ఉండి కూడా కుడి వెనక 56 కిలోలు అదనం అంటే మొదట తవ్వాల్సింది కుడి వెనక గదినే. ముక్క తీసి చూడండి. మిగతా 100 కిలోలు ఒక్కచోట ఉండకపోవచ్చు. తర్వాతెప్పుడో వేసిన పెయింటు పొరలు, అదనపు రేకులు, కార్పెట్టు, పాత వైర్లు, వాడని బ్రాకెట్లు అన్నీ తీసి తూచండి. గరిమనాభి ముందు తూకం నుంచి 3.26 మీటర్ల దగ్గరుంది (5 గుణించు 1,052 భాగించు 1,612). ఫోమ్ తీశాక మళ్ళీ తూచి, కాగితాల్లో ఇచ్చిన హద్దుతో పోల్చండి.

పెట్రోల్ ఇంజన్ వద్దు. బరువు తగ్గేమాట నిజమే. కానీ రోగి, ఆక్సిజన్ సిలిండర్, నేల మీద పేరుకునే పెట్రోల్ ఆవిరి ఒకే గదిలో ఉండటం నాకు నచ్చదు. పైగా మారుమూల దొరికేది డీజిలే. ఇంజన్ మారిస్తే మౌంటింగులు, పుల్లీ నిష్పత్తి, గరిమనాభి అన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

తెడ్డు

స్ట్రెచర్ ప్రశ్నకి నేరుగా: 6 సీట్లూ స్ట్రెచరూ ఒకేసారి కుదరవు. లెక్క చూడండి. 800లో నడిపే మనిషి 80. 75 శాతం పవర్ మీద 130 హార్స్‌పవర్ డీజిల్ గంటకి సుమారు 20 లీటర్లు తాగుతుంది. 4 గంటలకి 80 లీటర్లు, మూడో వంతు నిల్వ కలిపితే 107 లీటర్లు, అంటే 90 కిలోలు. లైఫ్ జాకెట్లు, లంగరు, తాళ్ళు, తెడ్లు, మంటలార్పే సిలిండర్లు, రేడియో 60. పనిముట్లు, విడి బెల్టులు, సెగ్మెంట్లు 40. మిగిలేది 530. ఆరుగురు మనుషులకి 80 చొప్పున 480, మందులకి 50. అయిపోయింది. అదీ ఖాళీ బరువు 1,450కి దిగితేనే. ఇప్పుడున్న 1,612తో అయితే ఆరుగురిలో ఇద్దరిని దించాలి.

కాబట్టి నేల మీద అల్యూమినియం పట్టాలు బిగించి, సీట్లు ఊడొచ్చేలా పెట్టండి. వెళ్ళేటప్పుడు 6 సీట్లు, రోగి ఉంటే ఒక పక్క 3 సీట్లు తీసి స్ట్రెచర్. స్ట్రెచర్ మధ్య భాగం గరిమనాభి దగ్గర రావాలి. రోగీ నర్సూ కలిసి 160 కిలోలు, 2 మీటర్లు ముందుకి జరిగితే 2,250 కిలోల బండి గరిమనాభి 14 సెం.మీ. ముందుకి పోతుంది, ముక్కు దిగబడటానికి అదే దారి. ముందొకటి వెనకొకటి ట్రిమ్ ట్యాంకులు పెట్టి, 60 లీటర్ల నీళ్ళు 5 మీటర్లు వెనక్కి పంపు చేస్తే 13 సెం.మీ. తిరిగొస్తుంది. ఆ 60 కిలోలూ మోసే బరువులోంచే పోతాయి, లెక్కలో రాసుకోండి.

లోపల మోత ఎక్కువ. రోగి చెవులకి కూడా మఫ్లు పెట్టండి, స్పృహలో లేని మనిషికైనా సరే. స్టెతస్కోప్ పనిచెయ్యదు, నాడి చూడటానికి వేలి ఆక్సీమీటర్ కావాలి. టీకాల పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీలు నిలవాలి. ఇంజన్ గోడకి ఆనించి పెడితే వేడెక్కుతుంది, మంచుపెళ్ళకి నేరుగా తగిలితే కొన్ని టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. మూసిన క్యాబిన్లో నీళ్ళు తగలగానే తనంతట తనే ఉబ్బే లైఫ్ జాకెట్ వద్దు. బండి మునిగితే మనిషిని పైకప్పుకి నొక్కేస్తుంది. చేత్తో లాగితే ఉబ్బేవి పెట్టండి, బైటికొచ్చాక లాగమని ప్రతి ప్రయాణంలోనూ చెప్పండి.

గాలి మీద నడుస్తున్నంతసేపూ మామూలు దీపాలతో పాటు చుట్టూ కనిపించే పసుపు దీపం నిమిషానికి 120 సార్లకి తగ్గకుండా మెరవాలి, సముద్ర నియమాల్లో ఉన్నదే. మీ నదికి వర్తించినా లేకపోయినా పెట్టండి.

ఎక్కే గట్టు విషయం. బండి వెనక తాడు కట్టి, తాడు మధ్యలో కొక్కెం తూకం పెట్టి, రెండో కొస చెట్టుకి కట్టి పూర్తి పవర్ ఇవ్వండి. 220 కిలోల లాగుడు వచ్చిందనుకోండి, 2,250 కిలోల మీద అది పదో వంతు. ఆగినచోటి నుంచి 10 మీటర్లకి 1 మీటరు వాలు కన్నా నిటారు గట్టు ఎక్కదని అర్థం. ఏ ఊరి దగ్గర ఎక్కడ ఒడ్డెక్కాలో ఈ అంకెతోనే నడిచి చూసి గుర్తులు పెట్టండి. ఇళ్ళకీ పశువులకీ చేపల వలలకీ కనీసం 30 మీటర్ల దూరం వదలండి. లేచే ఇసుక కళ్ళలో పడుతుంది, పిల్లలు చూడటానికి పరిగెత్తుకొస్తారు, బ్రేకులు లేని బండి ఇది. ఆ ఊళ్ళో ఒక పెద్దమనిషికి జెండా ఇచ్చి, ఫ్యాన్ ఆగేదాకా ఎవరూ దగ్గరికి రాకుండా చూసే బాధ్యత అప్పగించండి.

ఇసుకమేట

కుడి వెనక గది తెరిచాం. ముక్క 41 గ్రాములు. రేపు మొత్తం తవ్వుతున్నాం, అడుగు రేకు మందం కొలిచి ఇక్కడే రాస్తాను.

తూకంరాయి

తవ్వినదాన్ని సంచుల్లో నింపి అది కూడా తూచండి. ఎంత బైటికొచ్చిందో తెలిస్తే, ఇంకా ఎంత లోపలుందో తెలుస్తుంది.